పూసలు వెనిస్‌వి, పువ్వు మాత్రం వాళ్లదే

పోయిన నెల ఈ పేజీలో అమెరికాలోని మిన్నియాపొలిస్ ఆర్ట్ మ్యూజియంలో చూసిన ఒక జత బూట్ల గురించి రాశాను. చదవనివాళ్ల కోసం రెండు ముక్కల్లో: అవి క్రిస్టియన్ లుబుటాన్ అనే డిజైనర్ హైహీల్ బూట్లు, వాటి మీద గాజు పూసలు, ఏదుపంది ముళ్లు, జింక తోలుతో పని చేసింది జేమీ ఒకుమా అనే ఆర్టిస్టు. అమెరికా ఆదివాసుల్లో లుయిసెన్యో, షోషోనీ-బ్యానక్ తెగల మనిషి. 2012లో చేసింది, పేరు 'అడాప్టేషన్ 2'. ఫొటో వేసినందుకు ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. మామూలుగా మీరు నన్ను మగ్గం వర్క్ బ్లౌజు ఎలా ఉతకాలనే అడుగుతారు. ఈసారి కొంతమంది దెబ్బలాడారు కూడా. మంచిదే.

జవాబుల్లోకి వెళ్లేముందు ఒక మాట. మీలో చాలామంది 'రెడ్ ఇండియన్లు' అని రాశారు. మన స్కూలు పుస్తకాల్లో అలాగే ఉండేది, నేనూ అలాగే చదువుకున్నాను. ఇప్పుడు ఆ మాట వాళ్లెవరికీ నచ్చదు, అందుకే ఉత్తరాల్లో దాన్ని మార్చి వేశాను. లకోటా అయితే లకోటా, కయోవా అయితే కయోవా, తెగ పేరు తెలిస్తే ఆ పేరే వాడదాం. అన్నిటినీ కలిపి చెప్పాల్సి వచ్చినప్పుడు ఆదివాసులు అంటాను.

ప్రశ్న (విజయవాడ నుంచి ఒక పాఠకుడు): మేడమ్, మీరు సంప్రదాయ కళ, సంప్రదాయ కళ అని తెగ రాశారు. గాజు పూసలు యూరప్ వాళ్లు తెచ్చి ఇచ్చినవే కదా? మరి అది వాళ్ల సంప్రదాయం ఎలా అవుతుంది?

విజయవాడ నుంచి రాశారు కాబట్టి మీకే ఎదురు ప్రశ్న. మీ ఇంట్లో ఆవకాయకు కారం ఎక్కడిది? మిరప మెక్సికో వైపు మొక్క. అక్కడి ఆదివాసులు వేల ఏళ్లు పండించుకుంటుంటే పోర్చుగీసు ఓడలెక్కి మన దగ్గరికి వచ్చింది, వచ్చి ఐదొందల ఏళ్లు. అంతకుముందు మనకు ఘాటంటే మిరియాలే. అయినా గుంటూరు కారం మనది కాదని ఎవరైనా అంటే ఊరుకుంటామా? పూసల సంగతీ అంతే. మన కారం వాళ్ల దగ్గర్నుంచి వచ్చిందే కాబట్టి ఈ పోలిక నాకు మరీ ఇష్టం.

గాజు రాకముందు అక్కడి ఆడవాళ్లు ఏదుపంది ముళ్లతో పని చేసేవాళ్లు. ముళ్లకు రంగు వేసి, కాసేపు నోట్లో పెట్టుకుని నానబెట్టి, మెత్తబడ్డాక పళ్ల మధ్య నుంచి లాగి చదును చేసి, తోలు మీద మడత మీద మడతగా కుట్టేవాళ్లు. తూర్పు తీరంలో గవ్వ పూసలుండేవి, క్వాహాగ్ అనే ఆల్చిప్ప నుంచి ఊదా పూస, వెల్క్ అనే శంఖం నుంచి తెల్ల పూస. ఆ తర్వాత వెనిస్ నుంచి, ఇప్పటి చెక్ దేశంలోని బొహీమియా నుంచి గాజు పూసలు తోళ్ల వ్యాపారంలో మారకంగా వచ్చాయి. మైదాన ప్రాంతాల్లో ముందు లావు పూసలు, 19వ శతాబ్దం సగం గడిచాక ఆవగింజంత సన్నవి. రోజంతా ముళ్లు నమిలే పని ఉన్నచోట సిద్ధంగా రంగు ఉన్న పూస దొరికితే ఎవరు వద్దంటారు చెప్పండి.

కానీ పూస మారినా చెయ్యి మారలేదు. లకోటా వాళ్లు సూదికి ఏడెనిమిది పూసలు ఒకేసారి ఎక్కించి పక్కపక్కనే సన్నని పట్టీలుగా కుడతారు. ఆ పట్టీల అమరిక ముళ్లపని నుంచి వచ్చిందే. పాత పుస్తకాల్లో దీనికి 'లేజీ స్టిచ్' అని పేరు, సోమరి కుట్టట! ఒక బాలింత బిడ్డ కోసం నెలల తరబడి కూర్చుని కుట్టిన దాన్ని సోమరి కుట్టు అనడానికి ఎవరికి నోరొచ్చిందో. ఇప్పుడు 'లేన్ స్టిచ్' అంటున్నారు.

ఇంకో సంగతి. అమెరికా, కెనడా ప్రభుత్వాలు రెండూ ఒకప్పుడు వాళ్ల పండగలను, పూజలను నేరం చేశాయి. అమెరికాలో 1883లో రూల్స్ వచ్చాయి, కెనడాలో పాట్లాచ్ అనే వేడుక మీద నిషేధం 1885 నుంచి 1951 దాకా నడిచింది. డాన్స్ చేస్తే జైలు, చెప్పులకు పూసలు కుట్టుకుంటే మాత్రం ఏమీ అనరు. పాటలో, ఆటలో చెప్పే వీల్లేని కాలంలో ఎంతోకొంత చెప్పుకునే జాగా పూసలపనికే మిగిలింది.

వెనిస్ మాట వచ్చింది కాబట్టి ఇది కూడా వినండి. వెనిస్‌లో రెండేళ్లకోసారి బియనాలే అనే పెద్ద కళాప్రదర్శన జరుగుతుంది, 2024లో అక్కడ అమెరికా తరఫున ఒంటరిగా ప్రదర్శన పెట్టిన మొదటి ఆదివాసీ కళాకారుడు జెఫ్రీ గిబ్సన్. మిసిసిపీ చోక్టా తెగ, చెరోకీ మూలాలు కూడా ఉన్నాయి. బాక్సింగ్ ప్రాక్టీసు చేసే పంచింగ్ బ్యాగులకు నిండా పూసలు, గజ్జెలు, కుచ్చులు కట్టి పేరు తెచ్చుకున్న మనిషి. ఏ ఊరి కొలిమిలో చేసిన పూసలు ఓడలెక్కి వెళ్లాయో ఆ ఊరికే పూసలపని పట్టుకుని వెళ్లాడు. చూడటానికి నాకు టికెట్ డబ్బులు లేకపోయాయి గానీ ఫొటోలు చూసి మూడు రోజులు అదే ధ్యాస.

ప్రశ్న (టొరంటో దగ్గర్నుంచి ఒక తల్లి): అక్కా, సెప్టెంబర్ 30న మా పాప స్కూల్లో అందరూ ఆరెంజ్ చొక్కా వేసుకోవాలన్నారు. మా పక్కింటి ఆదివాసీ ఆవిడ పూసలతో కుట్టిన చిన్న ఆరెంజ్ చొక్కా పిన్ను పాపకు ఇచ్చింది. పెట్టుకుంటే తప్పవుతుందేమోనని ఒకటే టెన్షన్. ఎవరో సాంస్కృతిక దొంగతనం అవుతుందన్నారు.

అమ్మా, ఆవిడ చేత్తో కుట్టి, చేత్తో ఇచ్చింది. డబ్బాలో దాచిపెడితేనే బాధపడుతుంది. పెట్టండి.

ఆ చొక్కా కథ పాపకు మీరే చెప్పండి. ఫిలిస్ వెబ్‌స్టాడ్ అని ఒకావిడ, 1973లో ఆరేళ్ల పిల్ల. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో, ఆదివాసీ పిల్లల్ని ఇంటికి దూరంగా ఉంచే రెసిడెన్షియల్ స్కూలుకు వెళ్తూ, వాళ్ల అమ్మమ్మ కొనిచ్చిన కొత్త ఆరెంజ్ చొక్కా వేసుకుంది. మొదటిరోజే బట్టలన్నీ లాగేసుకున్నారు, ఆ చొక్కా మళ్లీ కనపడలేదు. అలాంటి స్కూళ్లకు కెనడాలో 1,50,000 మందికి పైగా ఆదివాసీ పిల్లల్ని పంపారు. మాట, జుట్టు, పేరు, అన్నీ మార్చేశారు, చాలామంది ఇల్లు చేరలేదు. ఆవిడ 2013లో చెప్పిన మాట నుంచి ఆరెంజ్ షర్ట్ డే పుట్టింది, 2021 నుంచి సెప్టెంబర్ 30 జాతీయ దినం కూడా. కొత్త చొక్కా అమ్మమ్మ కొనిపెట్టడమంటే ఏమిటో మన పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు.

ఏది పెట్టుకోవచ్చు, ఏది పెట్టుకోకూడదు అన్నదానికి నేను వాడే కొలత చాలా చిన్నది. చేసినవాళ్లు అందరి కోసం చేసి అమ్మిన కమ్మలు, పిన్నులు, గాజులు పెట్టుకోవచ్చు, పెట్టుకుంటే వాళ్లకు సంతోషం, పైగా అది వాళ్ల జీవనం. ఈకల తలపాగా మాత్రం అలాంటిది కాదు. మైదాన తెగల్లో ఒక్కో గద్ద ఈక ఒక్కో పనికి, ఒక్కో మర్యాదకు దక్కేది. మన దగ్గర పరమవీరచక్ర పతకం బొమ్మ చేయించి బర్త్‌డే పార్టీకి తగిలించుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. తెగలన్నీ కలిసి ఆడిపాడే పౌవావ్ వేడుకలో వాళ్లు వేసుకునే బట్టల్ని 'కాస్ట్యూమ్' అనకండి, 'రిగేలియా' అంటారు. పెళ్లికూతురి మధుపర్కాన్ని ఎవరైనా 'డ్రామా డ్రెస్' అంటే మనకెలా ఉంటుంది?

చూడటానికి మాత్రమే చేసినవి కూడా కొన్ని ఉంటాయి. మీరు కెనడాలో ఉన్నారు కాబట్టి చెబుతున్నా. 2012లో క్రిస్టీ బెల్‌కోర్ట్ అనే మేటీ కళాకారిణి (ఆదివాసులు, యూరప్ వాళ్లు కలిసిన సంతతిని మేటీ అంటారు) ఒక పిలుపు ఇచ్చింది. హత్యకు గురైన, కనపడకుండా పోయిన ఆదివాసీ ఆడవాళ్ల జ్ఞాపకంగా మొకాసిన్ చెప్పుల పైభాగాలు, వాంప్స్ అంటారు, పూసలతో కుట్టి పంపండి అని. 600 జతలు అడిగితే 1,700కు పైగా వచ్చాయి. చెప్పులు పూర్తి చెయ్యలేదు, పైభాగం మాత్రమే, ఎందుకంటే ఆ బతుకులు అక్కడే ఆగిపోయాయి. 2013 నుంచి 2019 దాకా ఊరూరా తిరిగిన ఆ ప్రదర్శనకు పేరు 'వాకింగ్ విత్ అవర్ సిస్టర్స్'. నేల మీద గుడ్డ పరిచి వాంప్స్ వరసగా పెట్టేవాళ్లు, చూడొచ్చినవాళ్లు చెప్పులు విప్పి వాటి పక్కనే నడవాలి. గుళ్లోకి వెళ్లినట్టు. అక్కడ పాదాల కోసం కుట్టిన పూసలు, నడిచే పాదం లేదు. అంతకంటే నేను రాయలేను.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి ఫ్యాషన్ డిజైన్ విద్యార్థి): మా ఫైనల్ ఇయర్ కలెక్షన్‌కు నేటివ్ అమెరికన్ థీమ్ తీసుకున్నా. మెడిసిన్ వీల్, థండర్‌బర్డ్, ఈకలు, తాబేలు అన్నీ మగ్గం మీద పూసలతో చేయిస్తా. ఫ్యూజన్ కదా, గౌరవంగానే చేస్తున్నా. మీ సలహా?

తమ్ముడూ, వద్దు.

అంతే రాసి వదిలేద్దామనుకున్నా, కానీ నువ్వు గౌరవంగా అన్నావు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. నీ లిస్టులో తాబేలు ఉంది చూడు. లకోటా, మరికొన్ని మైదాన తెగల్లో బిడ్డ పుట్టాక ఎండిన బొడ్డుతాడును తాబేలు, బల్లి ఆకారంలో కుట్టిన చిన్న పూసల తిత్తిలో పెట్టేవాళ్లు. ఒకటి కాదు, రెండు చేసేవాళ్లు. ఒకదాంట్లో అసలు బొడ్డుతాడు, రెండోది ఉత్తది, చెడు శక్తులు ఎటు వెళ్లాలో తెలియక తికమకపడాలని. తాబేలు గట్టి ప్రాణి, ఆయుష్షున్న ప్రాణి, అలా బిడ్డ ఉండాలని. నాకు ఇది చదివినప్పుడు మా అమ్మ దాచిన వెండి తాయెత్తు గుర్తొచ్చింది, మన ఇళ్లలోనూ బొడ్డు ముక్కను తాయెత్తులో వేసి మొలతాడుకు కట్టే అలవాటు ఉంది కదా. ఇప్పుడు చెప్పు, పారిస్‌లో ఎవరో మన మొలతాడు తాయెత్తును హ్యాండ్‌బ్యాగ్ జిప్పుకు వేలాడదీసి 'ఇండియన్ మోటిఫ్' అంటే నీకెలా ఉంటుంది? నవ్వొస్తుంది, తర్వాత కడుపులో ఎక్కడో గుచ్చుకుంటుంది.

హోడినషోనీ అని మొదట ఐదు తెగలతో ఏర్పడిన కూటమి, మోహాక్, ఒనైడా, ఒనోండాగా, కయూగా, సెనెకా. వాళ్ల హయవాతా పట్టీ ఊదా గవ్వ పూసల్లో నేసింది, మధ్యలో తెల్లని చెట్టు, అటు రెండు ఇటు రెండు చతురస్రాలు, అన్నిటినీ కలుపుతూ ఒక గీత. చూడటానికి ముచ్చటైన జామెట్రీ, నీలాంటివాడు స్కెచ్‌బుక్ తీయకుండా ఉండలేడు. కానీ అది రాజ్యాంగం లాంటిది. ఆ పట్టీ, దానితో పాటు మరికొన్ని న్యూయార్క్ రాష్ట్ర మ్యూజియం దగ్గర ఉండిపోతే ఒనోండాగా వాళ్లు ఏళ్ల తరబడి అడిగి 1989లో వెనక్కి తెచ్చుకున్నారు. అలాంటిదాన్ని దుపట్టా బోర్డరు చేస్తావా?

పద్ధతి ప్రకారం చేసినవాళ్లు లేరా అంటే ఉన్నారు. ఇందాక చెప్పిన బెల్‌కోర్ట్ పెయింటింగ్స్ చుక్కలు చుక్కలుగా ఉంటాయి, ప్రతి చుక్కా ఒక పూస అనుకో, మేటీ వాళ్ల పూల పూసలపనిని రంగుల్లో పెట్టింది. ఇటలీ ఫ్యాషన్ కంపెనీ వాలెంటీనో ఆవిడను అడిగి, ఆవిడ ఒప్పుకున్నాకే, ఆవిడ వేసిన 'వాటర్ సాంగ్' పెయింటింగును 2016 రిసార్ట్ కలెక్షన్‌లో బట్టల మీదికి తెచ్చింది. పేరు పెట్టి అడిగారు, పేరు పెట్టి చెప్పారు. నువ్వు కూడా ఎవరినైనా అడిగి, డబ్బిచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యగలిగితే చెయ్యి. లేదంటే ఇంటర్నెట్‌లో బొమ్మ దించుకుని కార్ఖానాలో కుట్టించడం ఫ్యూజన్ కాదు, కాపీ. అమెరికాలో అమ్మే ఆలోచన ఉంటే మరీ జాగ్రత్త, 1990 నాటి చట్టం ప్రకారం ఆదివాసులు చెయ్యనిదాన్ని వాళ్లు చేసినట్టు అమ్మితే మొదటిసారికే ఒక మనిషికి 2,50,000 డాలర్ల దాకా జరిమానా, ఐదేళ్ల దాకా జైలు. నేనే ఒకసారి అక్కడ హైవే పక్క గిఫ్టు షాపులో 'నేటివ్ స్టైల్' కమ్మలు కొని మోసపోయా. ఆ 'స్టైల్' అన్న చిన్న మాటలోనే ఉంది మాయంతా.

నీకు మగ్గం ఉంది, కార్చోబీ కళాకారులున్నారు, పక్క జిల్లాకు వెళ్తే తండాలున్నాయి. దీని కింద ఉన్న ఉత్తరం కూడా చదువు.

ప్రశ్న (దేవరకొండ వైపు నుంచి ఒక పాఠకురాలు): అక్కా, మేము లంబాడీలం. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. మా నానమ్మ పేటియా (లంగా), కాంచళి (రవిక), టుక్రి (ఓణీ) ట్రంకు పెట్టెలో ఉన్నాయి. చిన్నప్పుడు వాటిని చూసి స్కూల్లో ఏడిపించేవాళ్లు. మీ బూట్ల ఫొటో చూశాక మాది కూడా ఇలా కొత్తగా చెయ్యొచ్చా అనిపించింది. కానీ నేను కుట్టడం నేర్చుకోలేదు, నాకు హక్కు ఉందా?

చెల్లీ, నీకు కాకపోతే ఇంకెవరికి ఉంటుంది?

టెరీ గ్రీవ్స్ గురించి చెబుతా. కయోవా తెగ మనిషి, పెరిగింది వయోమింగ్‌లో విండ్ రివర్ రిజర్వేషన్‌లో, రిజర్వేషన్ అంటే అక్కడ ఆదివాసులకు కేటాయించిన ప్రాంతం. వాళ్లమ్మ అక్కడ ఒక అంగడి నడిపేది, చుట్టుపక్కల ఆడవాళ్లు పూసలపని తెచ్చి అమ్మేవాళ్లు. ఎనిమిదేళ్లకే సూది పట్టింది. పెద్దయ్యాక ఏం చేసిందంటే, కాలేజీ పిల్లలు వేసుకునే కన్వర్స్ కాన్వాస్ బూట్లు తీసుకుని వాటి మీద పూసలతో మనుషుల్ని, కయోవా కథల్ని కుట్టింది. హైహీల్ బూట్ల మీద కుట్టిన 'గ్రేట్ లేక్స్ గర్ల్స్' (2008) బ్రూక్లిన్ మ్యూజియంలో ఉంది. పాత చెప్పు మీద పాత ముగ్గు కుట్టమని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. వాళ్ల పాతవాళ్లు కూడా అలా చెయ్యలేదు, రిజర్వేషన్ల కాలంలో లకోటా ఆడవాళ్లు అమెరికా జెండాను కూడా పూసల్లోకి లాగేశారు, కళ్ల ముందు ఏదుంటే అది.

కోపం కూడా పూసల్లో చెప్పుకున్నవాళ్లున్నారు. రూత్ కుట్‌హాండ్ అని కెనడాలో క్రీ తెగ ఆవిడ, యూరప్ వాళ్లతో వచ్చిన మశూచి లాంటి రోగాల సూక్ష్మక్రిముల్ని మైక్రోస్కోపులో కనపడినట్టే పూసలతో కుట్టింది. దూరం నుంచి చూస్తే బ్రోచ్ చేయించుకోవాలనిపించేంత అందంగా ఉంటాయి. దగ్గరికెళ్లి పేరు చదివితే చెయ్యి వెనక్కి వస్తుంది. ఆ సిరీస్ పేరు 'ట్రేడింగ్', పూసలూ ఓడల్లోనే వచ్చాయి, రోగమూ ఓడల్లోనే వచ్చింది కదా. ఇంకా నాడియా మైర్, అల్గాంక్విన్ తెగ. కెనడా ప్రభుత్వం ఆదివాసుల మీద చేసిన చట్టం 'ఇండియన్ యాక్ట్' 56 పేజీలు తీసుకుని, అక్షరం ఉన్నచోట తెల్ల పూస, ఖాళీ ఉన్నచోట ఎర్ర పూస కుట్టింది. రెండొందల మందికి పైగా సాయం కూర్చున్నారు. చట్టం మొత్తం చదవడానికి వీల్లేకుండా పోయింది. ఇంతకంటే మంచి సవరణ పార్లమెంటులో కూడా చెయ్యలేరు.

నువ్వు ముందు చెయ్యాల్సింది ఆ ట్రంకు తెరవడం. నానమ్మ ఉన్నారా? ఉంటే ఈ ఆదివారమే ఫోన్‌లో రికార్డింగ్ పెట్టుకుని ఆవిడ పక్కన కూర్చో. ఈ గవ్వ ఇక్కడే ఎందుకు, ఈ అద్దం చుట్టూ కుట్టును మన మాటలో ఏమంటారు, ఈ రూపాయి బిళ్ల ఎవరు కుట్టారు, పెళ్లికి ముందు ఏది, పెళ్లయ్యాక ఏది. గోర్ బోలీలోనే అడుగు, తెలుగులో అడిగితే సగం మాటలు జారిపోతాయి. కుట్టడం తర్వాత వస్తుంది, చేతికి ఆర్నెల్లు చాలు. ఆ పేర్లు మాత్రం నానమ్మతో పోతే మళ్లీ రావు. తర్వాత నీ ల్యాప్‌టాప్ బ్యాగు మీద కుట్టుకుంటావో, ఆఫీసు ఐడీ కార్డు తాడు మీద కుట్టుకుంటావో నీ ఇష్టం. ఆ తాడు మీద రెండు వరసలు గవ్వలు, ఒక అద్దం, నాకు ఇప్పుడే కళ్ల ముందు కనపడుతోంది. చేస్తే ఫొటో పంపు, ఈ పేజీలో వేస్తా, నువ్వు ఒప్పుకుంటేనే.

ప్రశ్న (శ్రీకాళహస్తి నుంచి ఒక పాఠకుడు): మా పక్కన పాపానాయుడుపేటలో తరతరాలుగా గాజు పూసలు చేస్తారు. మీరు వెనిస్, వెనిస్ అంటుంటే మాకు కోపం రాదా?

వస్తుంది, రావాలి. ఏర్పేడు దగ్గరి పాపానాయుడుపేట పేరు పూసల చరిత్ర రాసినవాళ్లందరికీ తెలుసు. పీటర్ ఫ్రాన్సిస్ అనే అమెరికన్ పరిశోధకుడు అక్కడికి వచ్చి, కొలిమి ముందు నిలబడి చూసి రాశాడు. పొడుగాటి ఇనుప గొట్టం, దాన్ని లాడా అంటారు, దాని కొసకు కరిగిన గాజు ముద్ద ఎక్కించి కొలిమిలో పెడతారు, అవతలి వైపు నుంచి కొక్కెంతో గాజును పట్టి లాగితే మధ్యలో బొంగుతో సన్నని గొట్టంగా సాగుతూ వస్తుంది, దాన్ని ముక్కలు కొట్టి మళ్లీ వేడి చేస్తే అంచులు గుండ్రబడతాయి. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో రెండు వేల ఏళ్ల నాడు చేసి సముద్రాలు దాటించిన చిన్న పూసలదీ ఇదే వంశం, వాటికి 'ఇండో-పసిఫిక్ పూసలు' అని పేరు పెట్టింది కూడా ఆ ఫ్రాన్సిసే. అమెరికా ఆదివాసుల దగ్గరికి తోళ్ల వ్యాపారంలో వెళ్లినవి మాత్రం ఎక్కువగా వెనిస్, బొహీమియా పూసలు కాబట్టి అలా రాశాను. ఇప్పుడు వాళ్లు ఎక్కువగా వాడేది చెక్, జపాన్ పూసలు. మీ ఊరివాళ్ల కోపాన్ని సవినయంగా స్వీకరించాను.

ప్రశ్న (డాలస్, కరీంనగర్, నెల్లూరు నుంచి కలిపి): కొనాలంటే ఎక్కడ కొనాలి, నేర్చుకోవాలంటే ఎలా మొదలుపెట్టాలి, ఎంత ఖరీదు?

డాలస్ పాఠకులు కారులో వెళ్లగలిగితే ఆగస్టులో శాంటా ఫే ఇండియన్ మార్కెట్‌కు వెళ్లండి, 1922 నుంచి జరుగుతోంది, చేసినవాళ్లే ఎదురుగా కూర్చుంటారు. పేరు, తెగ అడగండి, సంతోషంగా చెబుతారు. బేరం మాత్రం ఆడకండి. పదకొండో నంబరు పూస దాదాపు రెండు మిల్లీమీటర్లు, అంటే చదరపు సెంటీమీటరుకు పాతిక దాకా పడతాయి. అరచేతిలో సగమంత పువ్వుకు ఎన్నిసార్లు సూది దిగిందో లెక్కేసుకుని అప్పుడు ధర చూడండి. మన మగ్గం వర్క్‌కూ ఇదే లెక్క, అక్కడ మాత్రం మనం సిగ్గులేకుండా బేరమాడతాం.

నేర్చుకోవడానికి పదకొండో నంబరు పూసలు, సన్నని బీడింగ్ సూది, తేనెమైనం రాసిన నైలాన్ దారం, ఒక ఫెల్ట్ ముక్క. నంబరు పెరిగేకొద్దీ పూస చిన్నదవుతుంది, ఇది తెలియక నేను మొదట పదిహేనో నంబరు తెప్పించుకుని కళ్లజోడు నంబరు పెంచుకున్నా. రెండు సూదులతో కుట్టే పద్ధతి తేలిక, ఒక సూది పూసల్ని ఎక్కించుకుని గీత మీద పరుస్తుంది, రెండోది రెండు మూడు పూసలకొకసారి పైనుంచి టాకా వేస్తుంది. మీ పెరట్లో ఉన్న పువ్వే కుట్టండి, మందారమో నందివర్ధనమో. కుట్టులో ఒక పూస తప్పు రంగు పడితే విప్పకండి. మేటీ వాళ్లలో, ఇంకా కొన్ని తెగల్లో చాలామంది కావాలనే ఒక పూస వేరే రంగుది వేస్తారు, 'స్పిరిట్ బీడ్' అంటారు, మనిషి చేసిన పని నూటికి నూరుపాళ్లు కుదరదని ఒప్పుకోవడం. మన దిష్టిచుక్క లాంటిదా అని నన్నొకరు అడిగారు. కాదు, దిష్టిచుక్క ఎదుటివాడి కన్ను కోసం, ఇది మన అహం కోసం.

పూసలు కింద ఒలికితే వంగి ఏరకండి, నడుం పోతుంది. వాక్యూమ్ క్లీనర్ గొట్టం మూతికి పాత సాక్సు తొడిగి రబ్బరు బ్యాండ్ వేసి ఆన్ చెయ్యండి, పూసలన్నీ సాక్సుకు అంటుకుంటాయి, కింద గిన్నె పెట్టి ఆపేస్తే గలగలా రాలిపోతాయి. వాక్యూమ్ లేనివాళ్లు ముందే కింద దుప్పటి పరుచుకోండి.